గిటారు కడ్డీ – నేను చేసిన తప్పు



ఈ నెల గోడ పత్రికకు "మా పెంట" అనే విషయం మీద వ్రాయుమని తెలుగు మేడం నాకు చెప్పినారు. నేను వేరేది వ్రాస్తానని అడిగినాను. ఏం వ్రాస్తవు అని అడిగితే చెప్పినాను. మేడం కొంచెంసేపు ఆలోచించి "సరే వ్రాయి, కానీ ఉన్నది ఉన్నట్టు వ్రాయాలె" అన్నారు. కావున వ్రాస్తున్నాను.

ఆగస్టు నెలలో మన సంగీతం సారు గిటారు కడ్డీ పాడైన సంగతి మీ అందరికీ తెలుసు. ఎవరు పాడు చేసినారో కొందరికే తెలుసు. పాడు చేసింది నేను. ప్రార్థన లైన్‌లో నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నది మాత్రం ఏడవ తరగతి చెల్లి. ఆ చెల్లి పేరు వ్రాయను. వ్రాయవద్దని తనే చెప్పింది.

ముందు నా గురించి రెండు మాటలు. నేను చెంచు అమ్మాయిని. మాది నల్లమల అడవిలో ఒక పెంట. కొల్లాపూర్‌లో బస్సు ఎక్కి, దిగి, ఆటో ఎక్కి, అది కూడా దిగి నడిస్తే మా పెంట వస్తుంది. మా నాయిన తేనె తీస్తాడు. తపసి బంక తెచ్చి జి.సి.సి. డిపోలో వేస్తాడు. మా అమ్మ ఇప్పపువ్వు ఏరుతుంది, పనులు దొరికినప్పుడు కూలికి పోతుంది. మా ఇంట్లో వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టింది నేనే మొదలు. ఐదవ తరగతిలో ఇక్కడికి వచ్చినాను. వచ్చిన కొత్తలో రెండుసార్లు గేటు దాకా పారిపోయిన సంగతి వాచ్‌మెన్ తాతకు బాగా తెలుసు.

ఇప్పుడు కడ్డీ సంగతి.

మన సారు వాయించే గిటారు సినిమాలో హీరో మెడకు వేసుకొని నిలబడి వాయించేలాంటిది కాదు. దాన్ని హవాయి గిటారు అంటారు. కుర్చీలో కూర్చొని ఒళ్ళో వెల్లకిల పెట్టుకొని వాయించాలి. మామూలు గిటారుకు వేళ్ళతో తీగను మెట్ల మీదికి నొక్కుతారు. దీనికి తీగలు ఎత్తుగా ఉంటాయి, నొక్కేది ఉండదు. కుడిచేతి వేళ్ళకు గోళ్ళలాంటి రేకులు తొడుక్కొని మీటుతారు. ఎడమచేతిలో ఒక స్టీలు కడ్డీ పట్టుకొని తీగల మీద ఆనించి జరుపుతారు. కడ్డీ ముందుకు జరిగితే స్వరం పైకి పోతుంది, వెనుకకు జరిగితే కిందికి వస్తుంది. మనిషి మూలిగినట్టు, పాడినట్టు, కొన్నిసార్లు ఏడ్చినట్టు వినబడుతుంది. గిటారు అంతా ఒక ఎత్తు, కడ్డీ ఒక ఎత్తు. కడ్డీ లేకపోతే ఆ గిటారు ఉత్త డబ్బా.

కడ్డీ పెద్దదేమీ కాదు. మూడు అంగుళాల పొడవు, ముప్పావు అంగుళం లావు. ఒక కొస గుండ్రంగా తుపాకి గుండు లాగా ఉంటుంది. వంటగదిలో పప్పులు తూచే కాంటా మీద పెట్టి చూసినాను, 170 గ్రాములు తూగింది. సారు చదువుకునే రోజుల్లో ఒక లేత్ మిషన్ మేస్త్రీతో స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్ ముక్కను తిప్పించుకున్నారట. నేను పుట్టకముందే పుట్టిన కడ్డీ అది.

ఈ కడ్డీ పుట్టిన కథ సారు మాకు చెప్పినారు. మీలో విననివారి కోసం వ్రాస్తున్నాను. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులు ఉన్నవి. అక్కడ లాయీ అనే ఊరిలో 1874లో జోసెఫ్ కెకుకు అనే పిల్లవాడు పుట్టినాడు. (పేరు విని మేమందరం నవ్వినాము. కోకిల కూసినట్టు ఉంది.) ఆ దీవుల రాజకుటుంబంలో బెర్నీస్ పౌవాహి బిషప్ అనే ఆమె తన ఆస్తిని తన జాతి పిల్లల చదువు కోసం వ్రాసి చనిపోయింది. ఆ ఆస్తితో 1887లో కామేహమేహా అనే పేరుతో మగపిల్లల బడి పెట్టినారు. అది కూడా హాస్టలు బడియే. కెకుకు అక్కడ చదివినాడు. గిటారు తీగల మీద దువ్వెన, చాకు వెనుక భాగం ఇట్లా ఏది దొరికితే అది పెట్టి జరిపి చూసేవాడట. చివరికి ఆ బడి వర్క్‌షాపులోనే స్టీలు కడ్డీ చేసుకున్నాడని చెబుతారు. రైలు పట్టాల దగ్గర దొరికిన బోల్టుతో మొదలైందని కూడా ఒక కథ ఉంది. ఏదైనా సరే, 1904లో అతడు హవాయి వదిలి అమెరికా పోయి ఊరూరా వాయించినాడు. 1932లో చనిపోయినాడు.

ఆ కడ్డీ వాద్యం తిరిగి తిరిగి మన దేశం కూడా వచ్చింది. టౌ మో అనే హవాయి గిటారు ఆయన 1940ల్లో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించినాడు, నేర్పినాడు. తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా గారు ఆ గిటారు మీద మన హిందుస్తానీ రాగాలు పలికించినారు. విశ్వమోహన్ భట్ గారు దానికి ఇంకా తీగలు కట్టి మోహన వీణ అని పేరు పెట్టినారు. 1994లో ఆయనకు గ్రామీ బహుమతి వచ్చింది. అయితే జరిపి వాయించుట మనకు కొత్త కాదని సారు చెప్పినారు. మన దక్షిణాదిన గోటువాద్యం ఉంది. దాన్ని చిత్రవీణ అని కూడా అంటారు. దానికి మెట్లు ఉండవు. నల్లచేవ కర్ర ముక్కను తీగల మీద జరిపి వాయిస్తారు.

ఇదంతా విన్నప్పుడు నాకు మన దగ్గరి కిన్నెర గుర్తుకు వచ్చింది. మన జిల్లాలోనే లింగాల మండలం అవుసలికుంట కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు హాస్టలు టీవీలో అందరం చూసినాము. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తేనె మైనంతో అతికించిన మెట్లు. నాకు మైనం తెలుసు, బుర్ర తెలుసు, వెదురు తెలుసు. అవన్నీ మా అడవివే. నాకు తెలియనిది స్టీలు ఒక్కటే. అక్కడనే నేను తప్పు చేసినాను.

ఎనిమిదవ తరగతిలో ఉండగా సారు నన్ను పిలిచి సంగీతం గది తాళంచెవి ఇచ్చినారు. "రోజూ గది ఊడ్పించు. నేను వాయించినంక గిటారును, కడ్డీని తుడిచి పెట్టెల పెట్టు. నీ చేతులు నిమ్మళమైన చేతులు" అన్నారు. తాళంచెవిని నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాను. ఎందుకంటే మా పెంటలో మా ఇంటికి తాళం లేదు. నా చేతికి ఎవరైనా తాళంచెవి ఇచ్చుట అదే మొదలు. రాత్రి పడుకునేటప్పుడు కూడా తీయలేదు. ఇది చదివి నవ్వవద్దు.

ఒక సంవత్సరం బాగానే చూసుకున్నాను. సారు చెప్పిన పద్ధతి ఇది: వాయించుట అయిపోగానే మెత్తని పాత బనియను గుడ్డతో కడ్డీని తుడవాలి. చేతి చెమట అంటే ఉప్పునీళ్ళు. ఉప్పు స్టీలుకు శత్రువు. స్టెయిన్‌లెస్ స్టీలును 1913లో ఇంగ్లాండులో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన కనిపెట్టినాడు. దానిలో ఇనుముతోపాటు క్రోమియం కలుస్తుంది. క్రోమియం గాలిని తగిలి పైన కంటికి కనబడనంత పలుచని పొర కడుతుంది. ఆ పొర లోపలి ఇనుమును కాపాడుతుంది. కానీ చెమట, తడి చాలా రోజులు అట్లనే ఉంటే ఆ పొర కూడా అక్కడక్కడ ఓడిపోతుంది. పేరుకు తుప్పు పట్టనిది, అసలుకు "తొందరగా తుప్పు పట్టనిది" అని సారు అనేవారు.

జూలై నెల చివర వారం రోజులు ముసురు పట్టింది. ఆ రోజుల్లోనే నాకు యూనిట్ పరీక్షలు. ఒకరోజు సారు వాయించి పోయినంక గుడ్డ తడిగా ఉందని చూసి కూడా, తొందరలో ఆ తడి గుడ్డలోనే కడ్డీని చుట్టి పెట్టెలో వేసి మూత పెట్టినాను. రేపు మారుస్తాలే అనుకున్నాను. సారు శిక్షణకు పోయి వారం దాకా రాలేదు. నేను కూడా వారం దాకా పెట్టె తెరవలేదు.

ఆగస్టు మొదటి వారం తెరిచి చూస్తే గుడ్డ వాసన కొడుతుంది. కడ్డీ మీద గోధుమరంగు చుక్కలు. మొత్తం తొమ్మిది లెక్క పెట్టినాను. నా గుండె దడదడ కొట్టుకుంది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం. 1994లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును ప్రపంచ ఆదివాసుల రోజుగా ప్రకటించింది కదా, మన బడిలో ఏటా జరుపుతాము. ఈసారి సారు గిటారు వాయిస్తే మేము పాడాలి.

ఆ చుక్కలు చూసి అప్పుడే సారు దగ్గరికి పోయి చెప్పి ఉంటే కథ అక్కడనే అయిపోయేది. నేను పోలేదు. ఎవరూ చూడకముందే నేనే పోగొడుతా అనుకున్నాను.

మా తాత దగ్గర మూడు అంబులు ఉన్నవి. ఇప్పుడు వేట లేదు, మాది పులుల అభయారణ్యం. అయినా చెంచు ఇంట్లో విల్లంబులు ఉండాలని తాత వాటిని చూరులో పెట్టుకుంటాడు. మొనలకు తుప్పు పడితే వాగులోని గరుకురాయి మీద నీళ్ళు పోసి రుద్దుతాడు. రుద్దినంక ఇప్పనూనె పూస్తాడు. మొనలు మెరుస్తాయి. నేను చిన్నప్పటి నుంచి పక్కన కూర్చొని చూసినదాన్నే. నాకు తెలిసిన విద్య అది. సాయంత్రం ఆటల గంటలో కడ్డీని ఓణీలో దాచుకొని, బోరు వెనుక బట్టలుతికే బండ దగ్గరికి పోయినాను. ఇటుక ముక్కను పొడి చేసి, నీళ్ళు చల్లి, బండ మీద కడ్డీని ముందుకు వెనుకకు రుద్దినాను. చుక్కలు పోయినవి. నాకు సంతోషమైంది. ఇంకా రుద్దినాను. కడిగి తుడిచి చూస్తే చుక్కలు లేవు, మెరుపు కూడా లేదు. కడ్డీ నిండా నిలువు గీతలు. వేలు జరిపితే గోరుకు తగులుతున్నవి.

గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేసినాను. ఆ రాత్రి అన్నం తినలేదు. కడుపు నొప్పి అని అబద్ధం చెప్పినాను. ఒక తప్పు చేస్తే రెండు అబద్ధాలు దానికి కావలి ఉంటాయి.

మరుసటి రోజు సారు వచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకొని కడ్డీని తీగల మీద జరిపినారు. గర్ర్ గర్ర్ అని చప్పుడు వచ్చింది. పాత సైకిల్ చెయిన్ లాగా. లావు తీగలకు పైన సన్నని తీగ చుట్టి ఉంటుంది. కడ్డీ మీది గీతలు ఆ చుట్లను ఆకురాయి గీకినట్టు గీకుతున్నవి. సారు వెంటనే ఆపి కడ్డీని కిటికీ వెలుతురులో పట్టి చూసినారు. ఏమీ అనలేదు. గిటారును పెట్టెలో పెట్టినారు. "ఎవరు ముట్టినరు దీన్ని?" అని మెల్లగా అడిగినారు. నేను తల వంచుకొని "తెల్వదు సార్" అన్నాను.

ఆ వారం గది ఊడ్చే వంతు ఏడవ తరగతి చెల్లిది. గదిలోకి పోయేది మేమిద్దరమే. నేను ఏడాది నుంచి నమ్మకం ఉన్నదాన్ని. ఆ చెల్లి జూన్‌లో కొత్తగా వచ్చినది, తరగతిలో నోరు తెరిచి మాట్లాడదు. చూపు ఎటు పోతుందో మీకే తెలుసు. తెల్లవారి ప్రార్థనలో ఆ పిల్లను ముందుకు పిలిచి అడిగినారు. ఎవరినీ నేను తప్పు పట్టుట లేదు. చెప్పవలసిన మాట నా నోట్లో ఉంది, నేను దాన్ని బయట పెట్టలేదు. ఆ చెల్లి "నేను కాదు" అని ఒక్కసారి అన్నది. తర్వాత ఏమీ అనలేదు. లైన్‌లో వెనుక నుంచి ఎవరో "దొంగ" అన్నారు. నేను మూడవ వరుసలో చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాను. నా మెడలో తాళంచెవి ఉంది.

రెండు రోజులు ఎట్లా గడిచినవో నాకు తెలియదు. ఆ చెల్లి పళ్ళెం పక్కన ఎవరూ కూర్చోలేదు. నాకేమో ఇక ఈ బడే వద్దు అనిపించింది. మా పెంటలో నా ఈడు ఆడపిల్లలు ఇద్దరు చదువు మానేసినారు. నేను కూడా పోతే మూడు. ఎవరూ ఆశ్చర్యపోరు. పెండ్లి చేస్తారు, బంకకు పోతాను, ఇక్కడి తప్పు ఇక్కడనే ఉండిపోతుంది అనుకున్నాను.

ఆదివారం మా నాయిన వచ్చినాడు. ఒక సీసాలో తేనె తెచ్చినాడు. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాము. "నాయినా, నన్ను ఇంటికి తోలుకపో, నేను సదువుకోను" అన్నాను. నాయిన నా ముఖం చూసి "ఎవలన్న కొట్టిండ్రా?" అన్నాడు. లేదన్నాను. "జరమా?" లేదన్నాను. ఇక ఆపుకోలేక అంతా చెప్పినాను. కడ్డీ అంటే ఏందో నాయినకు తెలియదు. గిటారు తెలియదు. కానీ అంతా విన్నాడు. చాలాసేపు నేల మీద పుల్లతో గీసుకుంట కూర్చున్నాడు. తర్వాత ఇట్లా చెప్పినాడు:

"బిడ్డా, నేను కొండ అంచు మీదికెల్లి తేనెకు దిగినప్పుడు పైన తాడు ఎవలు పడ్తరు?"

"మామ పడ్తడు" అన్నాను. మా పెంటలో తేనె తాడును బావమరిది పట్టాలి. వేరేవాళ్ళకు ఇవ్వరు.

"పోయిన ఏడు మీ మామకు చెయ్యి జారింది. జానెడు జారింది. వెంటనే ‘జారింది బావా’ అని ఒర్లిండు. నేను బండను పట్టుకున్న. బతికిన. చెయ్యి జారుడు తప్పు కాదు బిడ్డా, అందరికీ జారుతది. జారినంక ఒర్లకపోతే కిందోడు సస్తడు. ఇప్పుడు నీ తాడుకు కింద ఆ పిల్ల ఉన్నది."

అంత చెప్పి లేచినాడు. "నేను తోలుకపోను. నువ్వు ఒర్లినంక కూడా ఉండబుద్ధి కాకపోతే అప్పుడు చెప్పు, వస్త" అన్నాడు. బస్సు టైం అయిందని పోయినాడు. తేనె సీసా నా ఒళ్ళో ఉండిపోయింది.

ఆ సాయంత్రమే సారు గదికి పోయినాను. వార్డెన్ మేడం కూడా అక్కడనే ఉన్నారు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, తడి గుడ్డ దగ్గర నుంచి ఇటుక ముక్క దాకా అన్నీ చెప్పినాను. సారు కోప్పడతారని అనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అది కోపం కన్నా కష్టం. "ఆ చుక్కలు ఎంత పని బిడ్డా? బ్రాసో పెట్టి గుడ్డతో రెండు నిమిషాలు రుద్దితే పోయేవి" అన్నారు. తర్వాత "కడ్డీ సంగతి ఎన్నకనన్న చూసుకోవచ్చు. ముందు ఆ పిల్ల దగ్గరికి పో" అన్నారు.

పోయినాను. చెల్లి మంచం మీద కూర్చొని జడ వేసుకుంటుంది. చెప్పినాను. తేనె సీసా ఇచ్చినాను. ఆ చెల్లి సీసాను తీసుకోలేదు. "నాకు తేనె వద్దక్కా. లైన్‌ల చెప్పు" అన్నది. అంతే. మరునాడు ప్రార్థనలో వార్డెన్ మేడం "ఆ అమ్మాయి తప్పు లేదు" అని ప్రకటించినారు. కానీ చెప్పింది మేడం, నేను కాదు. నన్ను నిలబెట్టలేదు, నా పేరు చెప్పలేదు. నన్ను కాపాడుటకే అట్లా చేసినారని తెలుసు. చెల్లి అడిగింది అది కాదు. అందుకే ఇప్పుడు గోడ మీద వ్రాస్తున్నాను. ఇక్కడైతే అందరూ చదువుతారు.

ఆగస్టు 9 కార్యక్రమం గిటారు లేకుండానే జరిగింది. మేము డప్పు మీద పాడినాము. సారు వెనుక కుర్చీలో కూర్చొని చప్పట్లు కొట్టినారు.

ఆ తర్వాత కడ్డీ బాగు చేసుట మొదలైంది. సారు కొత్తది కొనవచ్చు, కొనలేదు. "ఇది లోపల బయట ఒకటే స్టీలు. పైన పూత పూసినదైతే పూత పోయినంక ఏం చేయలేము. ఇది బాగవుతది, కానీ ఓపిక కావాలె" అన్నారు. అప్పుడు నాకు ఒక విషయం చెప్పినారు. నేను తాత లాగా నిలువుగా రుద్దినాను కదా. అంబు మొనకు పదును కావాలి, గీతలున్నా పరవాలేదు. కడ్డీకి పదును అసలే ఉండరాదు. పైగా కడ్డీ తీగల మీద అడ్డంగా జరుగుతుంది. నిలువు గీతలు ఒక్కొక్కటీ రంపం పళ్ళ లాగా తీగకు అడ్డు తగులుతాయి. కావున మెరుగు పెట్టేటప్పుడు చివరి రుద్దుడు చుట్టూరా ఉండాలి, గాజు తిప్పినట్టు.

ఒక శనివారం నన్ను, ఏడవ తరగతి చెల్లిని వెంటబెట్టుకొని కొల్లాపూర్ బజారులో లేత్ షాపుకు పోయినారు. చెల్లిని ఎందుకంటే, "దొంగ అన్నరు కదా, ఎట్ల బాగైతదో తను కూడా చూడాలె" అన్నారు. మేస్త్రీ మమ్మల్ని జడలు ముడి వేసుకొని దూరంగా నిలబడమన్నాడు. తిరిగే మిషన్ దగ్గర జడ గానీ ఓణీ గానీ చిక్కితే ప్రాణం పోతుందట. కడ్డీని మిషన్‌కు బిగించి తిప్పి, లోతు గీతలు పోయేదాకా ఎమరీ పేపర్ పట్టినాడు. ఇరవై రూపాయలు అడిగినాడు. నాయిన ఇచ్చిపోయిన ఖర్చు డబ్బుల్లోంచి నేను ఇచ్చినాను. సారు వద్దనలేదు.

మిగతాది చేతి పని. పెయింటు వాళ్ళు వాడే వాటర్ పేపర్ ఉంటుంది. దాని వెనుక నంబరు ఉంటుంది. నంబరు పెరిగినకొద్దీ మెత్తన. మొదట 400, తర్వాత 800, తర్వాత 1000, చివరికి 2000. నీళ్ళలో తడిపి, కడ్డీని చుట్టి పట్టుకొని తిప్పుతూ రుద్దాలి. ఒక నంబరు గీతలన్నీ పోయినంకనే తర్వాత నంబరు పట్టాలి. నంబరు మార్చినప్పుడల్లా కడ్డీని, చేతులను కడుక్కోవాలి. లేకపోతే పాత గరుకు రేణువు ఒక్కటి ఉన్నా మళ్ళీ గీత పడుతుంది. తొందరపడి నంబరు దాటితే గీత దాక్కుంటుంది గానీ పోదు. వెలుతురులో పెడితే దొరికిపోతుంది. నాకు ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేకపోయింది.

రోజూ ఆటల గంటలో అరగంట చొప్పున పదకొండు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు నేను ఒక్కదాన్నే. నాలుగవ రోజు చెల్లి వచ్చి దూరంగా కూర్చున్నది. ఆరవ రోజు "అక్కా, ఇక్కడ ఇంకా ఉన్నది" అని వేలు పెట్టి చూపింది. ఆ చెల్లి కళ్ళు నా కళ్ళ కన్నా సురుకు. ఆ తర్వాత నేను రుద్దితే తను చూసేది, తను రుద్దితే నేను చూసేదాన్ని. చివరి రోజు బ్రాసోను మెత్తని గుడ్డ మీద రెండు చుక్కలు వేసి రుద్దినాము. గుడ్డ నల్లగా అయింది, కడ్డీ తెల్లగా అయింది. మళ్ళీ సబ్బునీళ్ళతో కడిగి ఆరిపోయేటట్టు తుడిచినాము. చూస్తే అందులో మా ఇద్దరి ముఖాలు కనబడ్డవి, సన్నగా, పొడుగ్గా, సొరకాయల లాగా. అప్పుడు చెల్లి నవ్వింది.

సారు ఆ సాయంత్రం వాయించినారు. చప్పుడు లేదు. స్వరం ఒక్కటే. కాంటా మీద పెడితే 168 గ్రాములు. రెండు గ్రాములు నా తప్పు కింద పోయినవి. అవి రావు.

తాళంచెవి సారు నాకు మళ్ళీ ఇచ్చినారు. ఈసారి ఒక్కటి కాదు, చెల్లికి కూడా ఒకటి.

ఇప్పుడు అందరికీ ఉపయోగపడునట్లు కడ్డీని కాపాడే పద్ధతులు వ్రాస్తున్నాను. రేపు మీలో ఎవరి చేతికైనా ఆ కడ్డీ రావచ్చు.

1. వాయించే ముందు చేతులు కడుక్కొని తుడుచుకోవాలి.
2. వాయించినంక పొడి మెత్తని గుడ్డతో కడ్డీని, తీగలను తుడవాలి. గుడ్డ తడిగా ఉంటే వేరే గుడ్డ వెతకాలి. రేపు అనరాదు.
3. మెత్తని పొడి సంచిలో వేరుగా పెట్టాలి. తాళంచెవులు, చిల్లర పైసలు దానితో కలిపి పెట్టరాదు.
4. గచ్చు మీద పడవేయరాదు. అంచుకు చిన్న సొట్ట పడినా తీగను కోస్తుంది.
5. చింతపండు, ఉప్పు ఇత్తడి చెంబులకు మంచివి. స్టీలు కడ్డీకి ఉప్పు తగలనీయరాదు.
6. గిన్నెలు తోమే స్టీలు పీచు, బూడిద, ఇటుక పొడి, ఇసుక వాడరాదు. వాడితే ఏమవుతుందో పైన వ్రాసినాను.
7. మచ్చ పడితే వెంటనే సారుకు చెప్పాలి. చెబితే రెండు నిమిషాల పని. దాస్తే పదకొండు రోజుల పని.

చివరిగా, ఏడవ తరగతి చెల్లీ, నువ్వు లైన్‌లో చెప్పమన్నావు. నేను లైన్‌లో చెప్పలేకపోయినాను, నోరు రాలేదు. అందుకే గోడ మీద చెబుతున్నాను. ఆ గీతలు నావి. నువ్వు దొంగవు కాదు. ఆ రోజు వెనుక నుంచి ఆ మాట అన్నవాళ్ళు కూడా ఇది చదివితే, నీ దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పాలని కోరుతున్నాను.

నాయిన మళ్ళీ వచ్చినప్పుడు "ఒర్లినవా?" అని అడిగినాడు. ఒర్లినా అన్నాను. "మరి వస్తవా ఇంటికి?" అన్నాడు. దసరా సెలవులకు వస్తా అన్నాను.

వ్రాతలో తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని